టెర్మినేటర్‌ని మళ్ళీ మొదలుపెడితే ఈసారైనా బతుకుతుందా?

లోహపు_చెయ్యి
మొన్న టెర్మినేటర్ సినిమాల్లో చివరిదైన 'డార్క్ ఫేట్' మళ్ళీ చూశాను. 2019లో వచ్చిన కోపం ఇప్పుడు లేదు గానీ ఒక ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. 1984 సినిమా, 1991 సినిమా, ఈ రెండూ ఒకెత్తు. తర్వాత 2003, 2009, 2015, 2019ల్లో నాలుగొచ్చాయి. వాటిలో చివరి మూడూ "కొత్త మూడు భాగాల కథకి ఇదే మొదలు" అంటూ దిగాయి. ఒక్కదానికీ రెండో భాగం రాలేదు. దర్శకులు మారారు, హీరోలు మారారు, డబ్బుకీ లోటు లేదు. మరి జబ్బు ఎక్కడుంది? కథలోనా, తీసేవాళ్ళలోనా, చూసే మనలోనా? ఇంకోసారి మొదలుపెట్టాల్సి వస్తే మీరైతే ఏం ఉంచుతారు, ఏం పారేస్తారు? "ఆర్నాల్డ్ (టెర్మినేటర్‌గా వేసే ష్వార్జెనెగర్) లేకపోతే చూడను" బాపతు ఎవరైనా ఉంటే ఆ ముక్క ముందే అనేయండి, మిగతావాళ్ళం మాట్లాడుకుంటాం.

సగంటికెట్
ఆర్నాల్డ్ లేకపోతే చూడను.

లోహపు_చెయ్యి
సంతోషం. తర్వాత?

నిశాచరి
2009 'సాల్వేషన్' తీసేటప్పుడు ఆయన కాలిఫోర్నియా గవర్నరు. వేరే మనిషి ఒంటికి ఆయన పాత మొహాన్ని కంప్యూటర్లో అతికించారు. సగంటికెట్ గారూ, అది లెక్కలోకి వస్తుందా?

సగంటికెట్
మొహం వరకే వచ్చాడు కాబట్టి సగం టికెట్ ఇస్తా.

పాతరీలు
అసలు అందరూ మర్చిపోయేదేంటంటే మొదటిది యాక్షన్ సినిమా కాదు, భయపెట్టే సినిమా. 64 లక్షల డాలర్ల బడ్జెట్, ముప్పాతిక భాగం చీకట్లో రోడ్లు, పార్కింగు గ్యారేజీలు, చవక లాడ్జి గది. హీరోయిన్ సారా హోటల్లో వెయిట్రెస్, ఎవరికీ పట్టని పిల్ల. భవిష్యత్తు నుంచి వచ్చి ఆమెని చంపడానికి వెంటపడే యంత్రం అరవదు, అలిసిపోదు. అంతే కథ.

రెండోదాంట్లో దర్శకుడు కామెరాన్ దాన్ని తిరగేసి, చంపడానికొచ్చిన యంత్రాన్నే కాపలాకి పెట్టాడు. అద్భుతంగా ఉంది, కాదనను. కానీ ఆ తర్వాత తీసినవాళ్ళంతా ఆ రెండోదాన్నే మళ్ళీ మళ్ళీ తీస్తున్నారు. మంచి టెర్మినేటర్ ఒకటి, దానికంటే కొత్త మోడల్ చెడ్డది ఒకటి, మధ్యలో ట్రక్కుల ఛేజింగ్. 2003లో ఆడ మోడల్, 2015లో సారా కొడుకు జాన్ కానరే నానో యంత్రం, 2019లో ఒకటే ఒళ్ళు రెండుగా విడిపోయే మోడల్. రెండోదాంట్లోని కరిగే లోహపు విలన్‌ని మించింది చూపించాలన్న తాపత్రయమే తప్ప, 1984లో ఆ లాడ్జి గదిలో ఉన్న భయం జోలికి ఒక్కడూ వెళ్ళలేదు. నా ఓటు అక్కడికే: చిన్న బడ్జెట్, పెద్దల సర్టిఫికెట్, ఒక్క రాత్రి.

వెన్నెల_పి
2003 దాన్ని మరీ అలా తీసిపారేయకండి. చివరి పది నిమిషాలు చూశారా? అణుయుద్ధం ఆపుతారనుకుని కొండలోపలికి వెళ్తే అక్కడ పాత కంప్యూటర్లు తప్ప ఏమీ ఉండదు. ఆపలేరు, జరిగిపోతుంది. ఇంత పెద్ద ఫ్రాంచైజీలో అంత ధైర్యంగా ముగించినవాడు ఇంకొకడు లేడు.

పాతరీలు
@వెన్నెల_పి ముగింపు మంచిదే. అక్కడిదాకా వెళ్ళడానికి గంటన్నర వెకిలి జోకులు దాటాలి కదా.

కాలచక్రం
జబ్బు కథలోనే ఉంది, అదీ రెండో సినిమాలోనే మొదలైంది. తిట్టేముందు పూర్తిగా చదవండి.

మొదటిదాంట్లో కాలం గుండ్రంగా మూసుకుపోయింది. భవిష్యత్తులో యంత్రాలతో పోరాడే జాన్, తల్లి సారాని కాపాడమని గతంలోకి పంపిన కైల్ ఆ జాన్‌కే తండ్రవుతాడు. ఎక్కడా చిల్లు లేదు. రెండోది వచ్చి "భవిష్యత్తుని మార్చొచ్చు" అంది. మనుషుల మీద యుద్ధానికి దిగే స్కైనెట్ అనే కంప్యూటర్ పుట్టకుండా చేశారు, కథ అయిపోయింది. ముసలి సారా పార్కులో కూర్చుని ఉండగా ప్రశాంతంగా ముగిసే సీను కూడా కామెరాన్ తీసి, తర్వాత కత్తిరించాడు. అది ఉండిపోయుంటే ఈ చర్చే లేదు.

ఇక ఆ తర్వాత ఎవరు తీసినా ముందు సినిమాలో గెలిచిన గెలుపుని చెల్లదనాలి. లేకపోతే కథ మొదలవ్వదు. రెండుసార్లు అలా చేస్తే మూడోసారి చూసేవాడికి ఏమనిపిస్తుంది? ఇక్కడ ఎవరు గెలిచినా వచ్చే సినిమాలో కొట్టేస్తారులే అనిపిస్తుంది. ఇక భయం ఎక్కడినుంచి వస్తుంది?

లోహపు_చెయ్యి
'డార్క్ ఫేట్' మొదటి నిమిషాల్లోనే జాన్‌ని చంపేయడం కూడా ఇదే లెక్కలో వేస్తారా?

కాలచక్రం
అచ్చంగా. రెండోదాంట్లో రెండు గంటలకి పైగా ఆ పిల్లాడికోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్ళని వెక్కిరించినట్టుంది.

నిశాచరి
నేనొప్పుకోను. జాన్ కానర్ ఉన్నన్నాళ్ళూ ఆ కథలో ఇంకెవరికీ చోటు లేదు. ముఖం మార్చి మార్చి ప్రతి సినిమాకీ కొత్తవాడిని దించారు, ఒక్కడూ అతకలేదు. చంపడం తప్పుకాదు. చంపి, అతని జాగాలో పేరు మార్చి అలాంటి మనిషినే తెచ్చి కూర్చోబెట్టడం తప్పు. స్కైనెట్ పోయి లీజియన్ వచ్చింది, జాన్ పోయి డానీ వచ్చింది. తేడా ఏంటి? సారాగా వేసిన లిండా హామిల్టన్ తెరమీద ఉన్నంతసేపూ చూడొచ్చు, అది వేరే సంగతి.

వెన్నెల_పి
+1. ఆవిడ బండిలోంచి దిగే సీను ఒక్కటి చాలు.

సీజర్_తమ్ముడు
జబ్బు కథలో ఉంది అంటే మరి 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' ఎలా లేచింది? 1968 నుంచి 1973 లోపు అయిదు సినిమాలు తీసి పిండేశారు. 2001లో టిమ్ బర్టన్ మళ్ళీ తీశాడు. రిక్ బేకర్ మేకప్ ఇప్పటికీ చూడ్డానికి బాగుంటుంది. డబ్బులూ వచ్చాయి, కానీ రెండోది తీయలేదు. ఎందుకంటే అది పాత ప్రయాణమే, మనిషి వెళ్తాడు, కోతుల లోకం చూసి అదిరిపడతాడు, చివర్లో ఒక ట్విస్టు. 1968 ముగింపు తెలియనివాడే లేనప్పుడు దానికి పోటీగా ఇంకో ట్విస్టు పెడితే ఏం పండుతుంది?

2011 వాళ్ళు ఆ పోటీ జోలికే పోలేదు. కథని కోతి వైపు నుంచి మొదలుపెట్టారు. ఊరికే గాల్లోంచి తేలేదు, సీజర్ అనే కోతి తిరుగుబాటు 1972 సినిమాలోదే. పైగా కోతి నోట వచ్చిన మొట్టమొదటి మాట ఏంటన్నది 1971 సినిమాలో ఒక పాత్ర పాత చరిత్రలా చెప్తుంది. 2011లో దాన్నే కళ్ళముందు జరిపించారు. థియేటర్లో ఆ క్షణం ఎంత నిశ్శబ్దమో నాకింకా గుర్తు. పాతది చూసినవాడికి ఒళ్ళు జలదరిస్తుంది, చూడనివాడికీ ఏదీ అడ్డురాదు. పాత అభిమానికి ఇవ్వాల్సింది ఇలా ఇవ్వాలి, జేబులోంచి ఆర్నాల్డ్ పాత నల్లకళ్ళద్దాలు తీసి చూపించడం కాదు. 2014, 2017, 2024, ఇంకా నడుస్తూనే ఉంది.

సగంటికెట్
కళ్ళద్దాల జోలికి రావద్దు.

నిశాచరి
@సీజర్_తమ్ముడు ఉదాహరణ బాగుంది, కానీ ఇక్కడ పనికిరాదు. కోతికి లోపల ఏదో ఉంది. సీజర్‌గా వేసిన ఆండీ సెర్కిస్ కళ్ళల్లో అది కనపడుతుంది. టెర్మినేటర్ లోపల ఏమీ లేదు, దాని బలమే అది. యంత్రం వైపు నుంచి కథ చెప్పి దానికో మనసు పెట్టారంటే మిగిలేది ఇంకో మంచి రోబో.

సీజర్_తమ్ముడు
యంత్రం వైపు నుంచి చెప్పమనట్లేదు. చోటు మార్చమంటున్నాను. 'ప్రే' (2022) చూడు. మనుషుల్ని వేటాడే గ్రహాంతరవాసి ప్రెడేటర్ సిరీస్ కూడా ఇలాగే మంచాన పడింది. దర్శకుడు ట్రాక్టెన్‌బర్గ్ 1719కి తీసుకెళ్ళి అమెరికా ఆదివాసుల్లో ఒక కొమాంచీ తెగ అమ్మాయిని ఎదురుగా నిలబెట్టాడు. సైనికులు లేరు, పెద్ద తుపాకులు లేవు. ఉంచింది ఒక్కటే, అది వేటాడుతుంది, వేటాడదగ్గవాడిని ఎంచుకుంటుంది. ఆ ఒక్క సూత్రం చుట్టూ సినిమా మొత్తం నడిచింది. కొమాంచీ భాషలో డబ్బింగ్ కూడా ఇచ్చారు.

కాలచక్రం
అదే టెర్మినేటర్‌కి చేస్తే? పాతకాలంలో ఏ పల్లెలోనో దిగుతుంది. దాన్ని యంత్రం అనడానికి కూడా వాళ్ళ దగ్గర ఊహ ఉండదు, దెయ్యం అనుకుంటారు.

పాతరీలు
వినడానికి బాగుంది. కానీ అది అక్కడికెందుకు వస్తుంది? ప్రెడేటర్‌కి కారణం అక్కర్లేదు, సరదాకి వస్తుంది. టెర్మినేటర్ ఒక మనిషిని పట్టుకుని చంపడానికే వస్తుంది. మూడొందల ఏళ్ళ వెనక్కి వెళ్ళి ఎవరి ముత్తాతనో చంపాలంటే మళ్ళీ కాలచక్రం గారి చిల్లులే.

కాలచక్రం
నా చిల్లులు కావు, వాళ్ళవి.

చిన్నగీత
నేను గ్రాఫిక్స్‌లో పనిచేస్తాను, ఆ వైపు నుంచి రెండు మాటలు.

రెండో సినిమాలో కంప్యూటర్ బొమ్మ సుమారు అయిదు నిమిషాలు, అంతే. మిగతా అంతా స్టాన్ విన్‌స్టన్ వాళ్ళు చేసిన తోలుబొమ్మలూ మేకప్పూ మాయలే. ఆస్పత్రిలో విలన్ యంత్రం కాపలావాడి రూపం ఎత్తే సీన్ గుర్తుందా? నిజం కవలల్ని తెచ్చి నిలబెట్టారు. లిండా హామిల్టన్ పక్కన రెండో లిండా కావాల్సిన చోట ఆవిడ కవల సోదరినే పెట్టారు. కంప్యూటర్ బొమ్మని వేరే ఏ దారీ లేనిచోట మాత్రమే వాడారు, అందుకే ముప్పయ్యేళ్ళు దాటినా చెక్కు చెదరలేదు.

ఇప్పుడు సంగతి వేరు. నేను పనిచేసిన ఒక పునఃప్రారంభం సినిమాలో (పేరు అడక్కండి) విడుదలకి కొద్ది వారాల ముందు విలన్ రూపం మార్చేశారు. తెల్లవార్లూ పనిచేసి కొత్త మొహం అతికించాం. చూసినవాళ్ళంతా గ్రాఫిక్స్ చెత్త అన్నారు. నిర్ణయం ఎవరిదో తెరమీద కనపడదు కదా. 'ద థింగ్' 2011దీ దగ్గరగా ఇలాంటి కథే. బొమ్మలు చేయించి, షూటింగ్ చేసి, చివరికి చాలాచోట్ల వాటిమీద కంప్యూటర్ బొమ్మ పరిచేశారు. అదే పేరుతో 1982లో వచ్చిన సినిమాని జనం ఇష్టపడిందే ఆ బొమ్మల కోసం.

వెన్నెల_పి
ఆ కవలల సంగతి ఇన్నాళ్ళూ తెలీదు! ఇప్పుడే వెళ్ళి చూస్తా.

రూల్స్_రాము
కథ, గ్రాఫిక్స్ అన్నీ సరే, అసలు ముడి హక్కుల దగ్గరుంది. కామెరాన్ తొలినాళ్ళలో దర్శకత్వం తనకే ఇవ్వాలన్న షరతుమీద ఒక్క డాలరుకి హక్కులు అమ్మేశాడు. రెండోది తీసిన కరోల్కో దివాలా తీసింది. 'సాల్వేషన్' తీసిన హాల్సియన్ సినిమా విడుదలైన ఏడే దివాలాకెక్కింది. 2010లో హక్కులు 2 కోట్ల 95 లక్షల డాలర్లకి పాసిఫికోర్ అనే ఫండు చేతికి, 2011లో మేగన్ ఎల్లిసన్ చేతికి పోయాయి. కొన్నవాడు ముందువాడి కథని ఎందుకు కొనసాగిస్తాడు? వాడికి కావాల్సింది కొత్త మొదలు. మీరు కథలో జబ్బు అంటున్నది సగం కాగితాల జబ్బు.

దానికితోడు అమెరికా చట్టంలో రచయితలు 35 ఏళ్ళ తర్వాత హక్కులు వెనక్కి అడగొచ్చు. 1984కి 35 కలపండి. ప్రెడేటర్ రాసిన అన్నదమ్ములు ఇదే విషయంమీద 2021లో డిస్నీతో కోర్టుకెక్కారు, మరుసటేడు రాజీ పడ్డారు.

లోహపు_చెయ్యి
ఇది నేను అస్సలు ఆలోచించని కోణం. అయితే ఏప్స్ బతకడానికి హక్కులు ఒకేచోట ఉండటం కూడా కారణమా?

రూల్స్_రాము
మొదటినుంచీ ఫాక్స్‌వే. 2019లో ఫాక్స్‌నే డిస్నీ కొనేసింది, అయినా సిరీస్ చెదరలేదు.

సీజర్_తమ్ముడు
హక్కులు ఒకచోట ఉంటే చాలదు లెండి. ఏలియన్ కూడా ఫాక్స్‌దే, అది ఎన్ని మలుపులు తిరిగిందో చూశాం.

నిశాచరి
'రోబోకాప్' 2014 గురించి ఎవరూ ఎత్తరేం? అందరూ తిడతారు గానీ దాంట్లో ఒక ఆలోచన ఉంది. పోరాటం మొదలవగానే యంత్రమే నడిపిస్తుంది, కానీ తనే నిర్ణయిస్తున్నానని సగం యంత్రంగా మారిన ఆ పోలీసుకి అనిపించేలా మెదడుని సర్దుతారు. ఇది 1987 సినిమాలో లేదు, ఇవాళ్టికి సరిగ్గా అతుకుతుంది. ఖర్మేంటంటే ఆ ఆలోచన మీద నాలుగు సీన్లు కూడా నిలబడకుండా నల్ల సూటు, బైకు అంటూ పరిగెత్తారు. పిల్లలు కూడా చూడాలని నెత్తురు తీసేశారు. 1987లో వెర్హోవెన్ తీసిన సినిమాలో ఆ నెత్తురు ఊరికే లేదు, వెటకారంలో అది సగం.

పాతరీలు
నెత్తురు లేని రోబోకాప్... నాకు మాటలు రావట్లేదు.

లోహపు_చెయ్యి
2015 టెర్మినేటర్ 'జెనిసిస్' కూడా అదే కోవ కదా. స్కైనెట్‌ని అందరి ఫోన్లలోకి వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్‌గా పెట్టారు. జనం దానికోసం గడియారం చూసుకుంటూ ఎదురుచూస్తుంటారు. 2015లో అది భలే ఆలోచన. మరి ఏం చేశారు? కథలో ఉన్న ఒకే ఒక్క పెద్ద మలుపుని ట్రైలర్లోనే చూపించేశారు.

అసలు భయం కాలానికి తగ్గట్టు మారాలేమో. 1984 భయం అణుయుద్ధం, క్షిపణుల మీట ఎవరి చేతిలో ఉందన్నది. మనుషుల జాగాలో అచ్చం వాళ్ళలాంటి గ్రహాంతర నకళ్ళు చేరే 'బాడీ స్నాచర్స్'ని 1956, 1978, 1993, 2007ల్లో నాలుగుసార్లు తీశారు. ఒకసారి చిన్న ఊరు, ఇంకోసారి మహానగరం, ఇంకోసారి సైనిక స్థావరం. అన్నీ ఆడకపోయినా ప్రతిసారీ అనుమానం కొత్త చోట మొదలైంది.

వెన్నెల_పి
గాడ్జిల్లా మాటేంటి? 1954లో అణుబాంబు భయం. 2016లో దర్శకుడు అన్నో తీసిన దాంట్లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాతి ప్రభుత్వం, మీటింగుమీద మీటింగు. 2023లో 'మైనస్ వన్' దాన్ని యుద్ధం అయిపోయిన రోజుల్లోకి, అంటే మొదటి సినిమాకంటే వెనక్కి తీసుకెళ్ళింది. ఆధునికం చేయడమంటే ఇప్పటి కాలంలో పెట్టడమే అనుకునేవాళ్ళు ఇది చూడాలి.

చిన్నగీత
'మైనస్ వన్' గ్రాఫిక్స్ చేసింది 35 మంది, 610 షాట్లు. 2024లో ఆస్కార్ కొట్టారు. దర్శకుడు యమజాకీయే గ్రాఫిక్స్ పర్యవేక్షకుడు కూడా, ఏం కావాలో అడగడానికి పది అంచెలు దాటక్కర్లేదు. మా ఆఫీసులో ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు, తర్వాత చాలాసేపు ఎవరి కుర్చీలో వాళ్ళు గుర్రుగా కూర్చున్నారు.

పాతరీలు
భయం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. మా మేనల్లుడికి పదిహేనేళ్ళు. మొదటి సినిమా చూపించాను. నెమ్మదిగా ఉందని లేచిపోతాడనుకున్నా, కదలకుండా చూశాడు. టెలిఫోన్ డైరెక్టరీలో ఆ పేరున్న ఆడవాళ్ళని వరసగా వెతుక్కుంటూ వెళ్ళే సీన్ దగ్గర ఆపి "ఇదేం పుస్తకం?" అన్నాడు. చెప్పాను. కాసేపాగి, "ఇప్పుడైతే దానికి అంతసేపు పట్టదు కదా మావయ్యా, ఆవిడ ఫోన్ ఎక్కడుంటే అక్కడికి వెళ్తుంది" అన్నాడు.

నాకు కొత్త సినిమా అక్కడ కనిపించింది. 1984లో ఆవిడ దాక్కోగలదు. పేరు మార్చుకుని ఏదో లాడ్జిలో దూరితే దానికి దొరకడం కష్టం. తల్లికి ఫోన్ చేసి చోటు చెప్పాకే దొరికిపోయింది, అదీ తల్లి గొంతుతో అది మాట్లాడితేనే. ఇవాళ గొంతు మార్చడం వింతా కాదు, దాక్కోవడం సాధ్యమూ కాదు. ప్రతి కూడలిలో కెమెరా, ప్రతి జేబులో ఫోను. ఒక్క రాత్రి ఎవరికీ కనపడకుండా బతకడం ఎలా అన్నదే మొత్తం సినిమా. కొత్త మోడల్ అక్కర్లేదు, కరగక్కర్లేదు. పాత ఇనుప బొమ్మే చాలు.

నిశాచరి
ఓ. ఇది నేను టికెట్ కొని చూస్తా.

కాలచక్రం
బాగుంది. జాన్ కానర్ పేరు, స్కైనెట్ పేరు ఎత్తకుండా తీయాలి. ఆమెని ఎందుకు చంపాలనుకుంటున్నారో చివరిదాకా చెప్పకూడదు. అసలు చెప్పకపోయినా నాకు ఇబ్బంది లేదు.

రూల్స్_రాము
అంతా కొత్తదే అయితే టెర్మినేటర్ అన్న పేరెందుకు మరి? ఆ హక్కుల గొడవంతా నెత్తినేసుకోవడం దేనికి? వేరే పేరుతో తీసుకోండి, హాయిగా.

సీజర్_తమ్ముడు
వేరే పేరుతో తీస్తే ఎవరొస్తారు? 'ద క్రియేటర్' 2023లో అలాగే తీశారు, యంత్రాల కథే, పాత ఫ్రాంచైజీ ఏదీ లేదు. 8 కోట్ల డాలర్లతో అంత అందంగా తీస్తే ప్రపంచమంతా కలిపి పదిన్నర కోట్ల దగ్గర ఆగింది. ఏమీ బాగోలేదని మనం తిట్టే 'జెనిసిస్' 44 కోట్లు తెచ్చింది, అందులో 11 కోట్లకి పైగా ఒక్క చైనాలోనే.

రూల్స్_రాము
ఆ 44 కోట్లు చూసుకునే కదా 'డార్క్ ఫేట్' తీసి 26 దగ్గర బోర్లా పడ్డారు. పేరు మొదటి వారం జనాన్ని తెస్తుంది, ఆ తర్వాత అదే పేరు చూసి జనం రారు.

పాతరీలు
అందుకే చిన్న బడ్జెట్ అంటున్నాను. 3 కోట్లలో తీస్తే 10 వచ్చినా గెలిచినట్టే. పేరు ఉంచండి, పోస్టర్ మీద చిన్న అక్షరాల్లో వేయండి.

రూల్స్_రాము
చిన్న అక్షరాల్లో వేయడానికి ఎవరూ అంత డబ్బు పోసి హక్కులు కొనరు గురూ.

చిన్నగీత
3 కోట్లంటే ఇనుప బొమ్మ నిజంగా చేయించాల్సిందే, కంప్యూటర్లో చేసే స్తోమత ఉండదు. నాకు పని పోతుంది, అయినా నా ఓటు దానికే.